పెద్దోటుగారి సుద్దగీత

ఆ రోజు ఆయన సుద్దను మరిచిపోయి వాడాడా, తెలిసే వాడాడా?

ఇన్నేళ్ళుగా ఈ ప్రశ్నను అటు తిప్పీ ఇటు తిప్పీ చూస్తూనే ఉన్నాను. చదివితే తెలిసే విషయమైతే ఈపాటికి తెలిసి ఉండేది. చదవడం తప్ప నేను జీవితంలో చేసిన పని ఇంకొకటి లేదు. కాని మా కింది వాటా దర్జీ మనసులో ఆ క్షణాన ఏముందో ఎవరూ అచ్చు వేయలేదు. ఆయన చేతిరాతతో ఒక పుస్తకం ఉండేది గాని, అందులో అందరి మనసులూ ఉన్నాయి, ఆయనది తప్ప.

నేను ఊరి రీడింగ్ రూముకు బాధ్యుణ్ణి. మేడ మీద గది. రెండు పొడుగాటి బల్లలు, పదకొండు కుర్చీలు, కర్రలకు బిగించిన ఆరు దినపత్రికలు. పదకొండో కుర్చీ కుంటిది. తెలిసినవాళ్ళు అందులో కూర్చోరు, కొత్తవాళ్ళకు మేం చెప్పం. సరిగ్గా దాని కిందే దర్జీ షాపు. మిషను తొక్కుతుంటే నా బల్ల మీద సిరాబుడ్డి సన్నగా వణికేది. అది వణకని రోజున ఆయనకు ఒంట్లో బాగాలేదని తెలుసుకునేవాణ్ణి.

ఎవరికీ ఒక్క అక్షరం నేర్పినవాణ్ణి కాకపోయినా, కళ్ళజోడును చూసి ఆయన నన్ను "మేష్టారూ" అనేవాడు. ఆయన భార్య "అన్నయ్యగారూ" అని పిలిచేది. నేను "చెల్లెమ్మా" అనేవాణ్ణి. ఆ లెక్కన దర్జీ నాకు బావ. నాతో ఏదైనా పని పడినప్పుడు మాత్రం ఆ చుట్టరికం ఆయనకు చప్పున గుర్తొచ్చేది.

అప్పట్లో మా దేశాధ్యక్షుణ్ణి జనం నేరుగా ఎన్నుకునేవాళ్ళు కాదు. ఒక్కో వార్డు జనం తలా ఒక ఓటు వేసి ఒక మనిషిని ఎన్నుకునేవాళ్ళు. అలా ఎన్నికైన రెండువందల పదకొండు మంది అయిదేళ్ళకోసారి రాజధానిలో ఒక గుండ్రటి హాలులో చేరి, మనందరి బదులూ అధ్యక్షుణ్ణి ఎన్నుకునేవాళ్ళు. చట్టంలో వాళ్ళకు నోరు తిరగని పేరొకటి ఉంది. మా వాడుకలో మాది చిన్న ఓటు, వాళ్ళది పెద్ద ఓటు. మా వార్డు పెద్ద ఓటు వరసగా నాలుగుసార్లు, అంటే ఇరవై ఏళ్ళపాటు, దర్జీదే. దాంతో ఆయన పేరే పెద్దోటు అయి కూర్చుంది. టపాలో ఉత్తరాలు కూడా ఆ పేరు మీదే వచ్చేవి.

ఆయన్నే ఎందుకు పంపేవాళ్ళంటే, దానికి మా పోస్టుమాస్టరు ఒక కారణం చెప్పేవాడు. "ఈ వార్డులో ప్రతి మగాడి నడుం ఎంతో ఈయనకు తెలుసు. ఒకరి నడుం సంగతి ఇంకొకరి దగ్గర ఎప్పుడైనా ఎత్తాడా? మన నడుం దాచినవాడు మన మాట దాచలేడా?" ఈ మాటకు అందరూ తలలూపేవాళ్ళు. ముఖ్యంగా లావుపాటివాళ్ళు.

పెద్దోటు ఆ నమ్మకాన్ని ఊరికే తినలేదు. ఆయన పద్ధతి ఆయనకుంది. టేపు చుట్టి ఉండగా, చేతులు చాపి నిలబడ్డ మనిషి అబద్ధం ఆడలేడని ఆయన సిద్ధాంతం. ఎన్నికల ఏడాది వచ్చిందంటే కొలతలు తీసుకుంటూనే వార్డు మనసు కూడా తీసుకునేవాడు.

"ఇంజనీరా, వకీలా?" అనేవాడు, నడుం చుట్టూ టేపు తెస్తూ. ఒక ఏడు అధ్యక్ష పదవికి పోటీ పడ్డది ఒక ఇంజనీరూ, ఒక వకీలూ.

"ఇంజనీరే నయం అనిపిస్తోందయ్యా."

"ఊపిరి వదలండి."

"వదిలాను."

"పూర్తిగా."

పొట్ట రెండంగుళాలు ముందుకొచ్చేది. "అయితే వకీలు," అనేవాడు ఆ మనిషి, కాస్త సిగ్గుపడి.

పెద్దోటు కొలతల పుస్తకంలో రాసుకునేవాడు: ఛాతీ నలభై, నడుం నలభై ఒకటి, చెయ్యి ఇరవై నాలుగు, వకీలు. రాజధానికి బయలుదేరే ముందురోజు పుస్తకం మొదటి పేజీ నుంచి తిరగేసి, ఎటు ఎక్కువమంది ఉంటే అటే ఓటు వేసి వచ్చేవాడు. సొంత ఇష్టం పక్కన పెట్టేసేవాడు. ఒకసారి తనకు సుతరామూ గిట్టని మనిషికి వేసి వచ్చి, మూడు రోజులు నాతో కూడా సరిగా మాట్లాడలేదు. "అది నా ఓటు కాదు మేష్టారూ. నేను మోసుకెళ్ళిన ఓటు," అన్నాడు నాలుగో రోజు.

ఇంత నిజాయితీ ఉన్న మనిషికి కాస్త డాబు ఉంటే తప్పు పట్టలేం. పెద్దోటుకు ఒక నల్లకోటు ఉంది. అయిదేళ్ళకు ఒక్కసారే తొడిగేవాడు. తనకు తాను కొలతలు తీసుకుని కుట్టుకున్నది. లోపల గుండె దగ్గర, మడిచిన ఓటు కాగితానికి సరిగ్గా సరిపోయే జేబు పెట్టుకున్నాడు. ఓటు కాగితాన్ని హాలు బయటికి తేకూడదు కాబట్టి ఆ జేబులో ఎప్పుడూ ఏమీ ఉండేది కాదు. అయినా పెట్టుకున్నాడు. రైలు ఎక్కే రోజు మునిసిపాలిటీ బ్యాండు వచ్చేది. వాళ్ళకు వచ్చింది ఒకే ఒక పాట, అందులోనూ మధ్యలో కొంత రాదు. ఆ రానిచోట పెద్దోటు చెయ్యి ఊపేవాడు. అంత చక్కగా కుదిరేది.

అయిదోసారి వెళ్ళాల్సిన ఏడాది గొడవ మొదలైంది. పెద్ద ఓట్లు ఉండాలా వద్దా అన్నదే ప్రశ్న. జనమే నేరుగా అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలని కొందరు లేవదీశారు. చట్టం ప్రకారం ఆ మార్పు చేయగలిగింది ఆ రెండువందల పదకొండు మందే. అంటే, మిమ్మల్ని మీరు తీసేసుకుంటారా అని వాళ్ళనే అడగాలన్నమాట. నా ఆరు పత్రికల్లో మూడు అటు, మూడు ఇటు. రీడింగ్ రూములో కర్రలతో కొట్టుకోకుండా నేను వాటిని వేరువేరు బల్లల మీద పెట్టాల్సి వచ్చింది.

పోస్టుమాస్టరు ఉంచాలన్న పక్షం. షాపులో బల్ల మీద కూర్చుని, ఒక సాయంత్రం మా అందరికీ వివరించాడు.

"జనానికి నేరుగా ఇచ్చారనుకోండి. ఎవడు ఎక్కువ గట్టిగా అరిస్తే వాడే అధ్యక్షుడు. మన చిన్న వార్డును ఎవడు చూస్తాడు? పెద్ద నగరాల చుట్టూ తిరిగి గెలిచేస్తారు. ఇప్పుడైతే మనకూ ఒక ఓటే, వాళ్ళ వార్డుకూ ఒక ఓటే. పైగా మధ్యలో ఒక నిదానమైన మనిషి ఉంటాడు. వడపోత ఉంటుంది."

"లైనింగు అనండి," అన్నాడు పెద్దోటు, సూదిలోకి దారం ఎక్కిస్తూ. "కోటుకు లైనింగు ఉంటుంది చూశారా? పైకి కనిపించదు. అది లేకపోతే గుడ్డ ఒంటికి గరగరలాడుతుంది. దేశానికి నేను లైనింగును."

షాపు మధ్యలో ఒక పరదా వేలాడుతూ ఉండేది. ముందువైపు పెద్దోటు కొత్తబట్టలు కుట్టేవాడు. వెనకవైపు చెల్లెమ్మ పాతబట్టలు బాగుచేసేది. చిరిగినవాటికి మాసికలు, బిగుతైనవాటికి కుట్లు విప్పి వదులు చేయడం, అరిగిపోయిన చొక్కా కాలర్లు తిప్పి కుట్టడం. ఆ పరదా వెనకనుంచి మాట వినిపించింది.

"లైనింగు బాగానే ఉంది. కోటు తొడుక్కుని బ్యాండు మేళంతో ఊరేగే లైనింగును నేనెక్కడా చూడలేదు."

పోస్టుమాస్టరు తన టోపీ ఎక్కడ పెట్టాడో వెతుక్కోవడం మొదలుపెట్టాడు. అది ఆయన తల మీదే ఉంది.

"నీకెందుకే ఇవన్నీ. ఆ కాజాలు చూడు," అన్నాడు పెద్దోటు.

"చూస్తూనే ఉన్నాను. చేతులు కాజాల మీద ఉంటాయి, చెవులు ఖాళీయేగా." పరదా పక్కకు జరిగింది. చెల్లెమ్మ చేతిలో స్కూలు పిల్లలు వాడే ఎక్సర్‌సైజు పుస్తకం ఒకటి ఉంది. "మీ పుస్తకంలో లెక్క ఎంతొచ్చింది ఈసారి?"

"ఉంచాలన్నవాళ్ళు యాభై ఎనిమిది. తీసెయ్యాలన్నవాళ్ళు ముప్ఫై ఒకటి. వార్డు చెప్పింది, నేను మోసుకెళతాను. అంతే."

"వార్డు కాదు. వార్డులో కొత్తబట్టలు కుట్టించుకునేవాళ్ళు," అంది చెల్లెమ్మ. "పాతవి బాగుచేయించుకునేవాళ్ళు మీ టేపు కిందికి రారు కదా. వాళ్ళ కొలత పాతబట్టల్లోనే ఉంటుంది. వాళ్ళు నేరుగా నా దగ్గరికి వెనక గుమ్మంలోంచి వస్తారు. ఆడవాళ్ళూ అంతే. ఈ ఇరవై ఏళ్ళలో మీ పుస్తకంలోకి ఒక్క ఆడమనిషి మాట ఎక్కిందా?"

పెద్దోటు సూది ఆగింది. పుస్తకం తెరిచి ఒకటి రెండు పేజీలు తిప్పాడు. పేజీల్లో ఏముందో ఆయనకు తెలియక కాదు.

"నేనూ అడిగాను," అంది చెల్లెమ్మ. "ఆర్నెల్లుగా. ఉంచాలి పన్నెండు. తీసెయ్యాలి తొంభై ఏడు. ఇరవై మంది, ఏదైతే మాకేం, ముందు ప్యాంటు ఇవ్వమ్మా అన్నారు. వాళ్ళను కలపలేదు. రెండు పుస్తకాలూ కలిపితే ఎంతో అన్నయ్యగారు చెబుతారు."

అందరూ నావైపు చూశారు. నాకు లెక్కలు రావని అబద్ధం ఆడే వయసు అప్పటికే దాటింది. "డెబ్భై, నూట ఇరవై ఎనిమిది," అన్నాను.

"ఏవైపు ఎంత?" అన్నాడు పెద్దోటు, తెలిసి కూడా.

"తీసెయ్యాలన్నవి నూట ఇరవై ఎనిమిది, బావగారూ."

పోస్టుమాస్టరు వెళ్ళిపోయాడు. నేను కూడా లేవబోయాను గాని, చెల్లెమ్మ "మీరుండండి అన్నయ్యగారూ, సాక్ష్యం కావాలి" అంది. తర్వాత మొగుడివైపు తిరిగింది.

"నేను నాలుగుసార్లు ఓటు వేశాను. నాలుగుసార్లూ మీకే, ఇంకెవరూ నిలబడలేదు కాబట్టి. మిమ్మల్ని ఎన్నుకోవడం నా వరకు పెళ్ళిలోనే అయిపోయింది, మళ్ళీ మళ్ళీ ఎందుకు చెప్పండి? నా ఓటు ఒక్కసారైనా మీ జేబులో కూర్చోకుండా తన కాళ్ళ మీద తాను వెళ్ళాలి. అంతే నాకు కావాల్సింది. ఈ పుస్తకం కూడా మోసుకెళ్ళండి. దీన్ని కాదని ఉంచాలి అని వేసి వచ్చారనుకోండి, నా మిషను ఎత్తించుకుపోయి ఎదుటి వరసలో వేరే షాపు పెట్టుకుంటాను. మీ కోట్లకు కాజాలు మీరే కుట్టుకోండి."

పెద్దోటుకు కాజాలు కుట్టడం చేతకాదు. ఈ సంగతి ఊళ్ళో మా ముగ్గురికే తెలుసు.

బయలుదేరే రోజున ఆయన నన్ను "బావగారూ" అని పిలిచాడు. పని పడిందని అర్థమైంది. పెద్ద ఓటరు వెంట చదువు వచ్చిన తోడు ఒకరు వెళ్ళవచ్చని పాత నియమం ఒకటి ఉంది. నాలుగుసార్లూ ఆ అవసరం లేదని ఒక్కడే వెళ్ళినవాడు, అయిదోసారి నన్ను రమ్మన్నాడు. బ్యాండు వాయించింది. వాళ్ళకు రానిచోట ఈసారి ఆయన చెయ్యి ఊపడం మరిచిపోయాడు. పాట మధ్యలో పెద్ద గొయ్యి పడ్డట్టయింది.

రైల్లో నియమావళి చదివి వినిపించమన్నాడు. నేను చదువుతుంటే కళ్ళు మూసుకుని, టేపును వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చున్నాడు. పదిహేడో నియమం దగ్గర నేను కొంచెం ఆగాను. "ఉభయ పక్షములకును ఓట్లు సమానముగా వచ్చినచో, సదరు ప్రశ్నను దేశ ప్రజలకు నేరుగా నివేదించి వారి అభిప్రాయమును తీసుకొనవలెను." ఇదేదో బాగుందే అన్నాను. ఆయన కళ్ళు తెరవలేదు. నిద్రపోయాడనుకున్నాను. నిద్రపోయిన మనిషి వేలికి టేపు చుట్టుకుంటాడా అన్నది నాకు ఇంటికి వచ్చాక తట్టిన ప్రశ్న.

రాజధానిలో పెద్ద ఓటర్లందరికీ ఒకే వసతి గృహం ఇచ్చారు. మా పక్క గదిలో దిగిన, పాలడైరీ నడిపే ఒకాయన, మేం సంచులు కింద పెట్టకముందే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అయిదేళ్ళ కిందటి కోటు, బొత్తాలకూ కాజాలకూ మధ్య నాలుగు వేళ్ళ దూరం. "తమరు దర్జీ అని విన్నాను," అన్నాడు దీనంగా.

పెద్దోటు తన జీవితంలో బాగుచేత పని పట్టలేదు. అది పరదా వెనక పని. కాని ఆ మధ్యాహ్నం పట్టాడు. ఆ కోటు కుట్లు విప్పి, పక్కల్లో మడిచి ఉన్న గుడ్డను బయటికి తీసి వదులు చేశాడు. ఆ మాట వరండా అంతా పాకింది. కాసేపట్లో మా మంచం మీద కోట్ల గుట్ట లేచింది. పదవి దొరికినవాళ్ళెవరూ సన్నబడరని ఆ రోజు తెలుసుకున్నాను. వచ్చిన ప్రతివాడినీ ఆయన చేతులు చాపించి నిలబెట్టాడు.

"ఉంచాలా, తీసెయ్యాలా?"

"ఉంచాలనే..."

"ఊపిరి వదలండి."

చెల్లెమ్మ ఎక్సర్‌సైజు పుస్తకంలో చివరి పేజీల్లో గీతలు పెడుతూ పోయాడు. వెలుతురు తగ్గేసరికి ముప్ఫై ఎనిమిది కోట్లు అయ్యాయి. పుస్తకం నాకు చూపించాడు. పంతొమ్మిది, పంతొమ్మిది.

"భలే బిగుతుగా ఉంది మేష్టారూ," అన్నాడు. కోట్ల సంగతనే అనుకున్నాను.

మర్నాడు ఉదయం హాలు. తోడు వచ్చినవాళ్ళను పైన గ్యాలరీలో కూర్చోబెట్టారు. కింద ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల, దాని మీద పెట్టె, పక్కన పరదా కట్టిన చిన్న గది. ఓటు కాగితం మీద రెండు గడులు: ఉంచాలి, తీసెయ్యాలి. కావలసిన గడిలో గీత గీయాలి. అందుకోసం లోపల బల్లకు దారంతో కట్టిన పెన్సిలు ఉంది. ఒక్కొక్కరూ అర నిమిషంలో బయటికి వస్తున్నారు. వాళ్ళ కోట్లు చక్కగా పట్టాయి. పెద్దోటు వంతు వచ్చింది. లోపలికి వెళ్ళబోతూ పరదా అంచు పట్టుకుని చూశాడు. అది వంకరగా కుట్టి ఉందని ఆయన మొహం చూస్తేనే తెలిసిపోయింది. వెళ్ళాడు. అర నిమిషం అయింది. రెండు నిమిషాలు అయింది. వెనక నిలబడ్డ పాలడైరీ ఆయన దగ్గాడు. అప్పుడు బయటికి వచ్చి, నాలుగు మడతలు పెట్టిన కాగితాన్ని పెట్టెలో వేసి, పెట్టెను ఒకసారి తట్టాడు, బుజం మీద గుడ్డ సరిచేసినట్టు.

పెట్టెను అటూ ఇటూ బాగా కుదిపి, బోర్లించి లెక్కపెట్టారు. ఉంచాలి నూట అయిదు. తీసెయ్యాలి నూట అయిదు. ఒక కాగితం మిగిలింది. సభాపతి దాన్ని ముందు వైపూ వెనక వైపూ చూశాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఖాళీ," అన్నాడు.

హాలంతా గుసగుసలు. గుమాస్తా ఒకడు బల్ల మీది ఆకుపచ్చ గుడ్డను అరచేత్తో దులిపాడు. సన్నటి తెల్లటి పొడి లేచింది. అతను దాన్ని పట్టించుకోలేదు. నేను పట్టించుకున్నాను. వంగి కింద మావాడి చేతుల వైపు చూశాను. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ తెల్లగా ఉన్నాయి. నేను చూడటం చూసి ఆయన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

సభాపతి పదిహేడో నియమం చదివాడు.

తిరుగు రైల్లో నేనే అడిగాను.

"సుద్దతో గీశారా, బావగారూ?"

"దర్జీ చెయ్యి మేష్టారూ. ముప్ఫై ఏళ్ళ అలవాటు. గుడ్డను చూస్తే దానంతటదే సుద్ద కోసం జేబులోకి పోతుంది."

"అది గుడ్డ కాదు, కాగితం."

"మెత్తగా ఉంది," అన్నాడు.

"పెన్సిలు ఉందిగా అక్కడ."

"దారంతో కట్టేసిన పెన్సిలును నేను నమ్మను."

"పోనీ, ఏ గడిలో గీశారు?"

ఆయన నావైపు జాలిగా చూశాడు. "ట్రయల్ చూడకుండా ఎవరైనా చెరగని గీత గీస్తారా మేష్టారూ? ఒకసారి కత్తెర పడ్డాక మళ్ళీ అతుక్కోదు." ఆ మాట ఏ గడికి వర్తిస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు.

స్టేషన్లో పోస్టుమాస్టరు ఆయన్ను కావలించుకున్నాడు. "నిలబెట్టావయ్యా. నూట అయిదులో ఒకడివి," అన్నాడు. వెనక గుమ్మం జనం కూడా వచ్చారు, మాసికలు వేసిన చొక్కాల్లో. వాళ్ళ తరఫున ఒక ముసలాయన "మా మాట దాటలేదు, నూట అయిదులో ఒకడివి" అని చేతులు పట్టుకున్నాడు. పెద్దోటు ఇద్దరికీ ఒకే నవ్వు నవ్వాడు. ఆ నవ్వు కూడా కొలిచి కుట్టినట్టే ఉంది.

ఇంట్లో మాత్రం అది పారలేదు. చెల్లెమ్మ కోటు తీసుకుని వెనక్కి తీసుకెళ్ళి, బ్రష్షుతో ఒక్క దెబ్బ కొట్టింది. జేబు దగ్గరనుంచి తెల్లటి మబ్బు లేచింది. ఆవిడ పేపర్లో ఫలితం చదివే ఉంది. బ్రష్షు చేత్తో పట్టుకునే బయటికి వచ్చింది.

"ఆ ఖాళీ కాగితం మీదేనా?"

"జనాన్ని నేరుగా అడగాలన్నావు. అడుగుతున్నారుగా ఇప్పుడు."

"మీరు అడిగించారా, మీ చేతిలోంచి జారిపోయిందా?"

"ఏదైతేనేం, నీ ఓటు నీ కాళ్ళ మీద వెళుతోంది."

"ఏ గడిలో గీశారు?"

"చెరిగిపోయిందే," అన్నాడు పెద్దోటు, నిజంగానే నష్టపోయినవాడిలా.

చెల్లెమ్మ బ్రష్షును కొక్కేనికి తగిలించింది. మిషను ఎత్తించలేదు. అలాగని వెనకా ఉంచలేదు. మర్నాడే ముందుకు జరిపించి, కిటికీ పక్కన, ఆయన మిషను పక్కనే వేయించుకుంది. మధ్యలో పరదా విప్పేసి మడత పెట్టింది. వెనక గుమ్మం జనమంతా ముందునుంచే రావడం మొదలుపెట్టారు. పెద్దోటు వాళ్ళను కూడా చేతులు చాపించి కొలవడం నేర్చుకున్నాడు, కొలతతో పని లేకపోయినా.

నేరుగా అడిగితే దేశం ఏమంది? తీసెయ్యమంది. గట్టిగానే అంది. పోస్టుమాస్టరు పది రోజులు రీడింగ్ రూముకు రాలేదు. వచ్చిన రోజున చూసుకోకుండా కుంటి కుర్చీలో కూర్చున్నాడు. మనసెంత పాడైందో దాన్నిబట్టి తెలిసింది.

జనం నేరుగా అధ్యక్షుణ్ణి ఎన్నుకునే మొదటి ఎన్నిక వచ్చింది. మా వార్డు పోలింగు నా రీడింగ్ రూములోనే. ఓటు గదికి అడ్డుగా కట్టడానికి గుడ్డ కావాలంటే, చెల్లెమ్మ షాపు పరదా పంపింది. తెల్లవారేసరికి మెట్ల మీద బారు తీరారు. అంతకుముందు ఎన్నికలకు పట్టుమని నలభై మంది వచ్చేవాళ్ళు కారు. ఎవరొచ్చినా గెలిచేది పెద్దోటే కదా. ఆ రోజు వీధి చివరిదాకా ఉన్నారు. చెల్లెమ్మ ముందు వరసలో ఉంది. ఓటు వేసి బయటికి వచ్చి, ఏదో బరువు దించినట్టు చేతులు దులుపుకుని, తలుపు పక్కన నిలబడింది. ఎవరికి వేసిందో నేను అడగలేదు. అడిగినా చెప్పేది కాదు. అది ఆవిడ సొంతం.

పెద్దోటు బారులో డెబ్భైయో ఎనభైయో మనిషి. నల్లకోటు లేదు. మామూలు చొక్కా, మెడలో టేపు. తలుపు దగ్గరికి రాగానే చెల్లెమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"జేబులు చూపించండి."

"ఇంతమందిలోనా?"

"ఇంతమందిలోనే."

బారులో జనం నవ్వారు. ఆయన టేపు తీసి ఇచ్చాడు. గుండుసూదుల డబ్బా ఇచ్చాడు. తర్వాత ఒక్క క్షణం ఆగి, చొక్కా జేబులోంచి సుద్దబిళ్ళ తీసి ఇచ్చాడు. చెల్లెమ్మ అవి మూడూ నా బల్ల మీద పెట్టింది.

"ఓటు వేసి వచ్చాక ఇవ్వండి అన్నయ్యగారూ. అంతకుముందు అడిగినా ఇవ్వొద్దు," అని చెప్పి, షాపు తెరవడానికి దిగి వెళ్ళిపోయింది.

ఆయన తన షాపు పరదానే జరుపుకుని లోపలికి వెళ్ళాడు. ఎక్కువసేపు ఉండలేదు. బయటికి వచ్చి కాగితాన్ని పెట్టెలో వేశాడు. ఈసారి పెట్టెను తట్టలేదు. ఓటు వేసినందుకు గుర్తుగా చూపుడువేలికి నీలం సిరా పూశారు. ఆ వేలిని పైకెత్తి పట్టుకుని, ఏదైనా గుడ్డకు అంటుకుంటుందేమోనని జాగ్రత్తగా నా బల్ల దగ్గరికి వచ్చాడు.

రైల్లో అడిగాక, మళ్ళీ అడగడానికి నాకు ధైర్యం చిక్కింది అప్పుడే. నేను కుర్చీలోంచి కొంచెం ముందుకు వంగి, గొంతు తగ్గించాను.

"ఇప్పుడైనా చెప్పండి బావగారూ. ఆ రోజు ఏ గడి?"

ఆయన నన్ను చూశాడు. నోరు తెరవబోయాడు కూడా. బారులోంచి ఎవరో "పెద్దోటూ, దారి" అన్నారు. అలవాటుగా ఆ పేరుకు తల తిప్పాడు, మళ్ళీ ఇటు తిరిగాడు, సిరా ఆరని వేలిని చూసుకున్నాడు. టేపు మెడలో వేసుకున్నాడు. సూదుల డబ్బా జేబులో పెట్టుకున్నాడు. సుద్దబిళ్ళను చేతిలోకి తీసుకుని, ఒకసారి తిప్పి చూసి, దాన్ని మళ్ళీ నా సిరాబుడ్డి పక్కనే పెట్టేశాడు.

రోజుకు పదిసార్లు ఆ మెట్లెక్కి దిగేవాడు. "వస్తా మేష్టారూ" అనకుండా ఎప్పుడూ దిగలేదు. ఆ రోజు బారు పక్కనుంచి ఒక్కో మెట్టూ దిగుతూ పోయాడు, ఏమీ అనకుండా. కాసేపటికి నా బల్ల మీద సిరాబుడ్డి వణకడం మొదలైంది.